పరీక్షించువారిని పరీక్షించు విధము

(వైద్య పరీక్షాశాలలకు గుర్తింపు నిచ్చు నిర్ణయములను గూర్చిన ఉపన్యాస పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగి ఇంటిలో మందుల పెట్టె ప్రక్కనే మరియొక కట్ట యుండును. అది రక్తపరీక్షల కాగితముల కట్ట. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము, అనగా అందరును సి.జి.హెచ్.ఎస్. అని పిలుచునది, ఆ కట్టను ఏటేటా పెంచుచునే యున్నది. డిస్పెన్సరీ వైద్యుడు చీటీ వ్రాయును. ఉద్యోగి తెల్లవారగనే పరగడుపున పోయి చేయి చాచును. సాయంకాలమునకు ఒక అంకె చేతికి వచ్చును. ఆ అంకెను బట్టి వైద్యుడు మందు పెంచును, లేదా తగ్గించును, లేదా జీవితాంతము వాడవలసిన క్రొత్త మందు నొకటి మొదలుపెట్టును. ఆఫీసులో పది రూపాయల తేడాకు మూడు నోటింగులు వ్రాయు మనిషియే ఇంటికి వచ్చి ఈ అంకెను మాత్రము కన్నులు మూసికొని నమ్మును.

మధుమేహమునే తీసికొనుడు. హెచ్.బి.ఏ.1.సి. అను పరీక్షలో 6.5 శాతమో అంతకు మించియో వచ్చినచో మధుమేహ మనియు, 5.7 మొదలు 6.4 వరకు వచ్చినచో దాని వాకిట నిలిచి యున్నాడనియు వైద్యులు లెక్కింతురు. వాకిటికిని ఇంటికిని నడుమ దూరము దశాంశములో ఒకటి. పరీక్షాశాలలోని యంత్రము ఎవరికిని తెలియకుండ దశాంశములో మూడు హెచ్చుగా చూపుచున్నచో, ఆరోగ్యవంతు డొకడు రోగుల పట్టికలో చేరును. అంతే తక్కువగా చూపుచున్నచో రోగి యొకడు ధైర్యముగా మిఠాయి పొట్లము విప్పును. ఇద్దరికిని తమకు జరిగినది తెలియదు. వైద్యునికిని తెలియదు. తెలియవలసిన వారు పరీక్షాశాలవారు. వారికి తెలియుచున్నదా లేదా అని చూచువారు మరియొకరు కావలెను. అక్రెడిటేషన్ అను గుర్తింపు ఇందుకొరకే పుట్టినది.

ఈ అనుమానము క్రొత్తది కాదు. 1947లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున బెల్క్, సండర్‌మన్ అను నిద్దరు వైద్యులు ఒకే తీరు నమూనాలను అనేక ఆసుపత్రుల పరీక్షాశాలలకు పంపి, వచ్చిన సమాధానములను ప్రక్క ప్రక్కన పేర్చి చూచిరి. ఒకే ద్రవమునకు ఒక్కొక్క శాల ఒక్కొక్క అంకె చెప్పినది. అదే 1947లో ఆస్ట్రేలియాలో నాటా అను సంస్థ వెలసి, పరీక్షాశాలల సామర్థ్యమును బయటివారు పరిశీలించి గుర్తించు పద్ధతికి పునాది వేసినది. భారతదేశమున ఈ పని చేయు ప్రధాన సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. అది కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నీడన పెరిగి, పిమ్మట క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో అంగమైనది. కార్యాలయము ఢిల్లీ పొరుగున గురుగ్రామములో నున్నది. వైద్య పరీక్షాశాలలకు అది కొలబద్దగా తీసికొనునది ఐ.ఎస్.ఓ. 15189 అను అంతర్జాతీయ ప్రమాణము. ఇది మొదట 2003లో వెలువడి, 2022 డిసెంబరులో నాల్గవ కూర్పును పొందినది.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. ఈ గుర్తింపు లైసెన్సు కాదు. దుకాణము తెరచుటకు కావలసిన అనుమతులు వేరు. వానిని ఇచ్చు అధికారులు వేరు. పరీక్షాశాలయే కోరి, రుసుము చెల్లించి, తన్ను పరీక్షింపుడని తలుపులు తెరచి పిలిచినపుడే ఈ విచారణ మొదలగును. అయినను కోరుకొనుటకు కారణములు లేకపోలేదు. 2014లో వెలువడిన సి.జి.హెచ్.ఎస్. ధరల పట్టికలో ఒకే పరీక్షకు గుర్తింపు గల సంస్థకు ఒక ధరయు, లేని సంస్థకు అంతకంటె తక్కువ ధరయు కట్టిరి. స్వచ్ఛందమైన గుర్తింపునకు ఆ విధముగా రూకల విలువ యేర్పడినది. రూకలు చేరిన చోట నిర్ణయము మరింత జాగరూకతతో జరుగవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక జిల్లా కేంద్రములో, బస్సు స్టాండునకు ఎదురుగా, రెండంతస్తుల మేడలో నడచుచున్న పరీక్షాశాల నొకదానిని ఊహింతురు గాక. యజమాని దరఖాస్తు పంపును. దానితోపాటు తమ పని పద్ధతుల గ్రంథము, గుర్తింపు కోరుచున్న పరీక్షల జాబితా, తమను తాము తనిఖీ చేసికొనిన కాగితములు జతపరచవలెను. జాబితాలో పరీక్ష పేరు ఒక్కటే చాలదు. ఏ నమూనాలో, ఏ పద్ధతితో, ఏ యంత్రముపై చేయుదురో వ్రాయవలెను. మొదట కాగితముల పరిశీలన జరుగును. పిమ్మట ఒక బృందము వచ్చును. బృందనాయకునితో పాటు జీవరసాయనమునకు ఒకరు, రక్తశాస్త్రమునకు ఒకరు, సూక్ష్మజీవశాస్త్రమునకు ఒకరు, ఇట్లు శాఖకొక నిపుణుడు. వీరు సాధారణముగా వైద్య కళాశాలలలోను, ఇతర పరీక్షాశాలలలోను పని చేయువారే. కనుకనే తమకు ఆ శాలతో లావాదేవీలు గాని, స్పర్ధ గాని లేవని ముందుగా సంతకము చేయవలెను. తగిన కారణము చూపి ఫలానావారు వలదని చెప్పుటకు శాలకును హక్కు గలదు.

వచ్చినవారు గోడలకు వేలాడు సర్టిఫికెట్లను చూచి మురిసిపోరు. అనుభవము గల తనిఖీదారుడు చేయు పని చాల సాధారణమైనది. పాత రిపోర్టుల దొంతరలోనుండి ఏదో ఒక కాగితమును లాగి, దానిని పట్టుకొని వెనుకకు నడచును. ఒకానొక మంగళవారమున ఒక స్త్రీకి పొటాషియము 5.9 అని ఇచ్చినారు. సరే. ఆ రక్తము ఎన్ని గంటలకు తీసిరి? శాలకు ఎన్ని గంటలకు చేరెను? తీసినవా రెవరు, వారికి శిక్షణ ఇచ్చిన దాఖలా ఏది? రక్తకణములు చిట్లినచో లోపలి పొటాషియము బయటపడి అంకె దొంగగా పెరుగును. ఆ నమూనా చిట్లియుండెనా అని చూచిన గుర్తు ఎక్కడ? ఆ ఉదయము యంత్రమును సరిచూచిరా? దేనితో సరిచూచిరి, ఆ సీసా గడువు ఎప్పటిది? ఇంత ఎక్కువ అంకె వచ్చినపుడు వైద్యునికి వెంటనే ఫోను చేసి చెప్పిరా, చెప్పినచో ఎవరికి, ఎన్ని గంటలకు? ఒక్క కాగితము వెంట నడచినచో శాల అంతయు బయటపడును. ఆడిట్ వారు ఒక్క వోచరును పట్టుకొని సెక్షను మొత్తమును కదలించుట చూచినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

ఇందులో కంట్రోలు అను మాట కొంచెము వివరింపదగినది. రోగుల నమూనాలకు ముందు, విలువ ముందే తెలిసిన ద్రవము నొకదానిని యంత్రములో పెట్టి చూతురు. వచ్చిన అంకెను ప్రతిదినము ఒక గీతల కాగితముపై చుక్కగా గుర్తింతురు. 1950లో లీవీ, జెన్నింగ్స్ అనువారు వైద్య పరీక్షాశాలలకు అలవాటు చేసిన పటమిది. చుక్కలు నడిమి గీతకు ఇటు నటు చెదరి యుండుట సహజము. ఇరువది చుక్కలలో ఒకటి మొదటి హద్దును దాటుటయు సహజమే. కాని ఒకే ప్రక్కన వరుసగా రెండు దాటినను, ఒక్కటియే పెద్ద హద్దును దాటినను పని ఆపి కారణము వెదకవలెను. ఆ లోపల రోగుల ఫలితములు బయటికి పోరాదు. అయితే శాలలో ఎదురుగా నలువదిమంది కూర్చుండి యుందురు, డాక్టరుగారి కాంపౌండరు ఫోను మోగించుచుండును. అప్పుడు యువకుడైన టెక్నీషియను ఏమి చేయును? అదే కంట్రోలును మరల పెట్టును, మరల పెట్టును, మూడవసారి హద్దులో పడగానే దానినే పుస్తకములో వ్రాసి పని సాగించును. పుస్తకములో అన్ని చుక్కలును చక్కగా నుండును. యంత్రము జ్ఞాపకములో మాత్రము మొదటి రెండును మిగిలి యుండును. మంచి తనిఖీదారుడు పుస్తకమును చూచిన పిమ్మట యంత్రమును అడుగును.

ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పట్టిక కూడ మాట్లాడునదే. నెల పొడుగునను 4 డిగ్రీలు, 4 డిగ్రీలు, ఒకే చేతివ్రాత, ఒకే సిరా; శాల మూసియుండిన ఆదివారమునాడు కూడ 4 డిగ్రీలు! కరెంటు కోతలు సాగిన వేసవిలో ఇంతటి స్థిరచిత్తము గల ఫ్రిజ్ దొరకుట కష్టము. ఇది చిన్న దోషముగా కనిపించును గాని చిన్నది కాదు. వేడికి పాడగు రసాయనము ఆ ఫ్రిజ్‌లోనే యున్నది.

బయటి పరీక్ష కూడ నొకటి గలదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి సంస్థలు విలువ చెప్పకుండ ఒకే నమూనాను అనేక శాలలకు పంపును. చిత్తూరు సీమవారు పెద్ద జబ్బు వచ్చినపుడు బండి కట్టించుకొని పోవు వేలూరే అది. శాలలు తమ అంకెలను తిరిగి పంపగా, తక్కినవారితో పోల్చి ఎవరెంత దూరమున నున్నారో తెలియజేయుదురు. ఆ నమూనాను రోగి నమూనావలెనే చూడవలెను; గడువు తీరకముందు ప్రక్క శాలవారితో అంకెలు సరిపోల్చుకొనరాదు. పరీక్ష హాలులో ప్రక్కవాని కాగితము చూడరాదనుటకును దీనికిని తేడా లేదు. మార్కులు తక్కువ వచ్చుట కూడ పెద్ద తప్పిదము కాదు. వచ్చిన పిమ్మట ఏమి చేసిరి అనునదే తనిఖీదారుడు అడుగు ప్రశ్న.

బృందము తాను చూచిన లోపములను వ్రాసి, శాలవారి సంతకము తీసికొని వెళ్లును. గడువులోగా శాల సమాధానము చెప్పవలెను. ఇచటనే చాలమంది తడబడుదురు. "సంబంధిత సిబ్బందిని హెచ్చరించితిమి" అను వాక్యము ఆఫీసు ఫైళ్లలో ఎన్ని ఆడిట్ పేరాలను నిద్రపుచ్చినదో ఈ సభలోనివారికి తెలియును. ఇక్కడ అది చెల్లదు. టెక్నీషియను కంట్రోలును మూడుసార్లు ఎందుకు పెట్టెను? ఫలితము త్వరగా ఇమ్మనిరి కనుక. ఎందుకు త్వరపడవలసి వచ్చెను? యంత్రము ఒక్కటియే కనుక, అది చెడినపుడు నమూనాలను ఎచటికి పంపవలెనో ఏర్పాటు లేదు కనుక. అట్లైనచో మందలింపవలసినది టెక్నీషియనును కాదు. ఏర్పాటు చేయవలసినవాడు యజమాని. ఆ ఏర్పాటు జరిగిన దాఖలాయే సమాధానము. ఇంతేకాదు, ఆ దినములలో అప్పటికే బయటికి పోయిన ఫలితముల మాట యేమి, వాని వలన ఏ రోగికైన హాని కలిగెనా అనియు శాల వెనుకకు తిరిగి చూడవలెను. రోగికి గల ముప్పు అను విషయమునకు 2022 నాటి కూర్పు మునుపటికంటె హెచ్చు చోటు ఇచ్చినది.

ఇక నిర్ణయము. శాలను కన్నులార చూచిన బృందము నిర్ణయింపదు. అది సిఫారసు మాత్రమే చేయును. గుర్తింపు సంస్థలు పాటింపవలసిన ఐ.ఎస్.ఓ. 17011 అను వేరొక ప్రమాణము, తనిఖీలో పాల్గొనినవారు నిర్ణయము చేయరాదని శాసించుచున్నది. నివేదిక, లోపముల పట్టిక, శాల సమాధానము, దాఖలాలు, ఇవన్నియు ఆ శాలను ఎన్నడును చూడని నిపుణుల సంఘము ముందునకు పోవును. ఈ పద్ధతి విని మొదట ఆశ్చర్యపడువారు గలరు. చూచినవానికంటె చూడనివానికి ఎక్కువ తెలియునా?

ప్రభుత్వోద్యోగికి దీని జవాబు తన సర్వీసు రూల్సులోనే యున్నది. 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమముల క్రింద విచారణాధికారిని వేరుగ నియమించినపుడు, అతడు సాక్షులను విని నివేదిక వ్రాయును, దానిపై నిర్ణయించువాడు క్రమశిక్షణాధికారి. సాక్షి ముఖమును చూచినవానికి జాలి కలుగవచ్చును, కోపమును కలుగవచ్చును. కాగితముపై నున్నదానిని మాత్రము చూచువాడు ఆ రెండింటికిని కొంచెము దూరముగా నుండును. మూడు దినములు ఒక శాలలో తిరిగి, వారి కాఫీ త్రాగి, రాత్రింబవళ్లు శ్రమపడిన టెక్నీషియనుల ముఖములు చూచిన తనిఖీదారునికి ఏదో ఒక మొగ్గు కలుగును. అది మానవ సహజము, దోషము కాదు. ఆ మొగ్గు నిర్ణయముగా మారకుండుటకే ఈ దూరము.

అయితే ఈ దూరమునకు వెల గలదు. సంఘమునకు కనిపించునది వ్రాసినది మాత్రమే. తనిఖీదారుడు "నియంత్రణ పత్రములు చూచితిని, తృప్తికరము" అని ముక్తసరిగా వ్రాసినచో ఆ తృప్తిని సంఘము తూచలేదు. ఏ పరీక్షకు, ఏ తేదీలకు చూచితినో, ఏమి కనిపించినదో వ్రాసినపుడే నిర్ణయమునకు కాళ్లుండును. కనుక మొత్తము వ్యవహారములో బరువైన పని సంఘపు గదిలో జరుగునది కాదనియు, తనిఖీదారుని కలములో జరుగుననియు చెప్పుట న్యాయము.

సంఘము ముందు నుండు దారులు రెండే కావు. అడిగిన పరీక్షలన్నింటికి గుర్తింపు నీయవచ్చును, కొన్నింటికి ఇచ్చి కొన్నింటిని తీసివేయవచ్చును, మరిన్ని దాఖలాలు కోరవచ్చును, మరల చూచి రమ్మనవచ్చును, నిరాకరింపవచ్చును. ఇచ్చిన పిమ్మట కూడ నిఘా సాగును. లోపము తీవ్రమైనచో తాత్కాలికముగా నిలుపుటయు, రద్దు చేయుటయు గలవు. నిర్ణయము నచ్చని శాల అప్పీలు చేసికొనవచ్చును. ఆ అప్పీలును మొదటి నిర్ణయములో పాల్గొననివారే వినవలెను.

బస్సు స్టాండు ఎదుటి శాల ఫైలు సంఘము ముందునకు వచ్చినదనుకొనుడు. జీవరసాయన విభాగము చక్కబడినది. రెండవ యంత్రము వచ్చినది. సూక్ష్మజీవుల కల్చరు విభాగములో మాత్రము, ఏ మందునకు ఏ క్రిమి లొంగునో చూచు పరీక్షకు కావలసిన ప్రామాణిక క్రిమి నమూనాలు లేవు. "తెప్పించుచున్నాము" అని సమాధానము. ఈ అంకె తప్పినచో రోగికి పనిచేయని యాంటీబయాటిక్ పడును. తీసివేసినచో ఆ జిల్లాలోని నమూనాలు రాత్రి బస్సులో నగరమునకు పోవలెను. త్రోవలో కొన్ని పాడగును, ఫలితము రెండు దినములు ఆలస్యమగును. ఎటు చూచినను రోగియే యున్నాడు. ఇట్టి చోట జాలి రెండు ప్రక్కలను లాగును. ప్రమాణము చెప్పున దొక్కటే: సామర్థ్యము ఇదివరకే నిరూపితమై యుండవలెను గాని, రాబోవునని మాట ఇచ్చుట చాలదు. సంఘము జీవరసాయనమునకు గుర్తింపు నిచ్చి, కల్చరును తీసివేయును. యజమానికి ఇది కఠినముగా తోచును. కాని క్రిమి నమూనాలు వచ్చిన పిమ్మట ఆ ఒక్క విభాగమునకు మరల అడుగుటకు దారి మూయలేదు. ఇట్టి చిన్న శాలల కొరకే 2019లో మొదటి మెట్టు వంటి వేరొక పథకమును ప్రారంభించిరి. అందు మౌలికమైన పరీక్షలకు, తేలికపాటి నిబంధనలతో, గుర్తింపు నిత్తురు. అది పూర్తి అక్రెడిటేషనుతో సమానము కాదు.

ఈ సూక్ష్మము దేశమంతటికిని తెలిసినది 2020లో. కోవిడ్ పరీక్షలకు ప్రైవేటు శాలలను అనుమతించుచు 2020 మార్చిలో భారత వైద్య పరిశోధనా మండలి పెట్టిన షరతు, శాలకు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉండవలె నని మాత్రమే కాదు; ఆర్.ఎన్.ఎ. వైరసులను రియల్‌టైమ్ పి.సి.ఆర్. పద్ధతితో పరీక్షించుటకు గుర్తింపు ఉండవలె ననుట. చక్కెర, కొలెస్టరాలు, థైరాయిడ్ పరీక్షలకు ఎంత పేరు గడించిన శాలయైనను ఆ ఒక్క పంక్తి జాబితాలో లేనిచో వాకిట నిలువవలసినదే. అదే సంవత్సరము ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువులో కూడ, కోవిడ్ పరీక్షలు గుర్తింపు పొందిన శాలలలో గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థయో వైద్య పరిశోధనా మండలియో ఆమోదించిన సంస్థలలో గాని జరుగవలె ననిరి. జనులు వరుసలు కట్టి నిలిచియుండగా ఇట్టి పట్టుదల యేల యని విసుగుకొన్నవారు ఉండవచ్చును. కాని రోగము లేదను తప్పుడు కాగితము ఆ దినములలో ఒక్క మనిషితో ఆగెడిది కాదు.

దీనివలన ఇంటిలోని కాగితముల కట్టకు సంబంధించిన విషయ మొకటి తేలుచున్నది. గుర్తింపు శాల మొత్తమునకు ఇచ్చు బిరుదు కాదు. ఫలానా చోట, ఫలానా పద్ధతితో చేయు ఫలానా పరీక్షకు ఇచ్చునది. వైద్య పరీక్షాశాల సర్టిఫికెటు సంఖ్య ఎం.సి. అను అక్షరములతో మొదలగును. దానికి అనుబంధముగా పరీక్షల జాబితా యుండును. ఎన్.ఎ.బి.ఎల్. వెబ్‌సైటులో ఆ జాబితాను ఎవరైనను చూడవచ్చును. ఒకే రిపోర్టులో గుర్తింపు గల పరీక్షలును లేనివియు కలిసి యున్నచో, లేనివానిని వేరుగా తెలియునట్లు గుర్తింపవలెను. ఆ చిన్న నక్షత్రపు గుర్తు తరచు కాగితము అడుగున, కంటి అద్దములు పెట్టుకొన్నను కష్టముగా కనిపించునంత సన్నముగా నుండును. నమూనాను వేరొక శాలకు పంపి చేయించినచో ఆ సంగతియు రిపోర్టులో నుండవలెను.

గుర్తింపునకు అందనివియు గలవు. రక్తము శాలలో కాక వీధి చివర కలెక్షను సెంటరులో తీయుదురు, లేదా ఇంటికే వచ్చి తీయుదురు. వేరుచేయక ఉంచిన రక్తములోని కణములు చక్కెరను తినుచునే యుండును. సాధారణ ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 5 మొదలు 7 శాతము తరుగును. బూడిద రంగు మూత గొట్టములోని ఫ్లోరైడ్ కూడ వెంటనే పని చేయదు. మొదటి గంటలో తరుగుదల సాగుచునే యుండును. మే నెల ఎండలో స్కూటరు పెట్టెలో మూడు గంటలు తిరిగిన గొట్టమునకు ప్రపంచములోని మేలైన యంత్రమును న్యాయము చేయలేదు. కలెక్షను సెంటరులను శాల తన దరఖాస్తులో చూపవలెను, తనిఖీ బృందము వానిలో కొన్నింటిని ఎన్నుకొని చూచును. ఎన్నిక కానివి చాల మిగులును.

ఆ మిగిలినచోట చూడగలవారు రోగులును, వారి ఇంటివారును మాత్రమే. రక్తము తీసిన వేళను గొట్టముపై వ్రాయుమని అడుగవచ్చును. మంచు పెట్టె ఏదని అడుగవచ్చును. గుర్తింపు పొందిన శాలపై ఫిర్యాదు నున్నచో మొదట ఆ శాలకే వ్రాతపూర్వకముగా నీయవచ్చును. దానిని నమోదు చేసి, విచారించి, సమాధానము చెప్పుట ఐ.ఎస్.ఓ. 15189 క్రింద దాని విధి. తృప్తి కలుగనిచో ఎన్.ఎ.బి.ఎల్.కే వ్రాయవచ్చును. తరువాతి తనిఖీకి వచ్చు బృందము ఫిర్యాదుల పుస్తకమును తెరచి చూచును. అందు ఒక్క ఫిర్యాదును లేని శాలను చూచినపుడు అనుభవజ్ఞుడైన తనిఖీదారుడు, ఆదివారము కూడ 4 డిగ్రీలు చూపిన ఫ్రిజ్‌ను జ్ఞాపకము చేసికొనును.